జానెడెత్తున కిటికీ

“కింద జానెడు. మీద నా నడుము కాడికి. గంతే.”

“అవ్వా, అట్ల కాదు. నేను అడిగేది కిటికీ సంగతి.”

“నేను గూడ కిటికీ సంగతే చెప్తాన బిడ్డా. మేకల దొడ్డి సంగతి చెప్తానా?”

కాశిబుగ్గలో సరోజన ఇల్లు, ముందు గది. డెబ్బై దాటిన సరోజన గుంట మగ్గంలో, కాళ్లు నేలలో తవ్విన గుంటలోకి దించి కూర్చుని దుప్పటి నేస్తోంది. పాత కట్టడాలను బాగుచేసే చదువు చదివిన మహిత పక్కనే పీట మీద, ఒళ్లో నోటుబుక్కుతో కూర్చుంది. రెండు వీధుల అవతలున్న పాత బంగ్లాకు మొదట్లో ఎలాంటి కిటికీలు ఉండేవో కనుక్కోవడం ఆమె పని.

“అంటే నేల నుంచి జానెడెత్తున కిటికీ మొదలైతదా?”

“అయితది.”

“నడుము కాడికి అయిపోతదా?”

“అయిపోతది.”

“మరి మనిషి నిలవడితే బయట ఏం కనవడుతది?”

“ఏం కనవడది. గోడ కనవడుతది.”

“ఇగో, అందుకే అడుగుతున్న. గంత పెద్ద బంగ్లకు గట్లాంటి కిటికీలు ఎవలు పెడతరు?”

“పెట్టినాయన పెట్టిండు. నన్నడిగి పెట్టిండా?”

“అవ్వా, జర మగ్గం ఆపరాదు? ఈ టకటకల నాకు సరిగ్గ వినవడ్తలేదు.”

“మగ్గం ఆపితె నాకు మాట రాదు. నువ్వే గట్టిగ అడుగు.”

“సరే, గట్టిగనే అడుగుత. నువ్వు బంగ్లల ఎన్నేండ్లు నేసినవ్?”

“పద్నాలుగేండ్లప్పుడు పోయిన, మా నాయినెంబడి. నా పెద్దోడు బడికి పోయేదాక పోయిన. లెక్క నువ్వే చేసుకో.”

“పదిహేను పదహారేండ్లు అనుకుందాం. రోజు కిటికీ పక్కకే కూసున్నవ్ కదా?”

“ఇంకేడ కూసుంటరు?”

“మరి రెక్కలు ఎట్లుండె? లోపలికి తెరుచునా, బయటికి తెరుచునా?”

“రెక్కలా? ఉండెనా?”

“నన్నడుగుతవేందవ్వా! పోనీ ఊచలు?”

“ఊచలు ఉండె. అది పక్కా. లేకుంటె మేక మొత్తం లోపటికి వచ్చేది.”

“ఏ మేక?”

“ఉండె ఒక మేక. గంజి పెట్టిన పడుగు మగ్గం మీదుంటె దానికి వాసనొచ్చేది. ఊచల సందుల నుంచి మూతి పెట్టి నాకుడు షురూ జేసేది. నాకినంత నాకి, పోగులు గూడ నములుతుండె. మా నాయిన గుంటల నుంచి లేచేటాళ్లకు జర టైం పడ్తది గద. మేకకు ఆ సంగతి ఎర్కనే.”

“ఆ ఊచలు ఇనుపవా, కట్టెవా?”

“ఏమొ.”

“ఎన్ని ఊచలు?”

“ఏమొ బిడ్డా.”

“పదహారేండ్లు పక్కకు కూసోని ఏమొ అంటే ఎట్లవ్వా?”

“మేం వెలుగును చూసినం గని, కిటికీని ఎవలు చూసిన్రు?”

“బాగ చెప్పినవ్. ఈ మాట రాసుకుంటే నాకు జీతమొస్తదా?”

“రాసుకో, రాసుకో. ఇంతకు ఆ బంగ్లల ఇప్పుడు కిటికీలు లేవా? నేను దాని మొఖం చూడక ఎన్నేండ్లో అయింది.”

“ముప్పై ఏండ్ల కింద గోదాం చేసినప్పుడు అన్ని పీకేసిన్రట. ఇటుకలు పెట్టి, మీదికెళ్లి సిమెంటు పూసిన్రు. ఇప్పుడు గోడ మొత్తం ఒక్కతీరుగ ఉంది. ఎక్కడ ఉండెనో, ఎట్లుండెనో తెల్వది. పదకొండిండ్లు తిరిగిన, పాత ఫోటో ఒక్కటన్న దొరుకుతదని.”

“దొరకలేదా?”

“ఫోటోలు దొరికినయి. ఈ గల్లీల ఎవలి పెండ్లయినా బంగ్ల ముందలనే ఫోటో దిగిన్రట గద. పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల, మేనత్తలు, మేనమామలు, అందరున్నరు. వెనుక గోడ ఉంది. కిటికీ మాత్రం ఒక్క ఫోటోల లేదు.”

“నా పెండ్లి ఫోటో గూడ గక్కడ దిగిందే.”

“చూసిన అవ్వా. పొద్దున మీ చెల్లెలింట్ల చూపించిన్రు. నువ్వు మస్తు సిగ్గు పడుతున్నవ్.”

“సిగ్గు గాదు, కండ్లల్ల దుమ్ము పడ్డది. నీ ఫోను మోగుతాంది చూడు.”

“అయ్యో, సార్! అవ్వా, ఒక్క నిమిషం… హలో సార్.”

“మహితా, దొరికిందా అమ్మా ఫోటో?”

“లేదు సార్. ఫోటోలల్ల గోడనే ఉంది.”

“అసలు ఫోటో ఎందుకు? నేను చెబుతున్నాను కదా. మా తాతగారి గడి అది, దొరల భవంతి. మనిషెత్తు కిటికీలు, పైన అర్ధచంద్రంలో రంగు రంగుల అద్దాలు. మా నాయనమ్మ అక్కడ నిలబడి, వీధిలో బతుకమ్మలు పోతుంటే చూసేది.”

“ఎవలు బిడ్డా మాట్లాడేది?”

“ఎవరమ్మా ఆ గొంతు?”

“సరోజన అవ్వ సార్. మన బంగ్లల మగ్గం నేసిందట. అవ్వా, ఈయన రాజేశ్వర్ రావు సార్, బంగ్ల ఓనర్.”

“మగ్గం వాళ్లను అడగడం ఎందుకు? వాళ్లకేం తెలుస్తుంది? ఎప్పుడో చివర్లో కిరాయికి వచ్చినవాళ్లు.”

“కిరాయికి గాదు సారూ, కూలికి!”

“మహితా… స్పీకర్లో పెట్టావా?”

“సారీ సార్.”

“సరే విను. రేపు పొద్దున తొమ్మిదింటికి గోడ కొట్టేవాళ్లు వస్తారు. కొత్త కిటికీలకు టేకు కోతకు సిద్ధంగా ఉంది. నువ్వు డ్రాయింగు మీద సంతకం పెట్టు. పాత కిటికీలు ఇట్లాగే ఉండేవి అని కింద ఒక్క ముక్క రాయి. పాత కట్టడం అన్న సర్టిఫికెట్టు ఉంటేనే కదా, రామప్ప గుడి చూసి పాలంపేట నుంచి తిరిగొచ్చేవాళ్లు మన గడి హోటల్లో ఒక రాత్రి దిగేది.”

“సార్, నేను చూడకుండ ఎట్ల రాయాలె?”

“సాయంత్రం నాలుగింటికి అక్కడే ఉంటాను. సంతకంతో రా.”

“సార్… సార్… పెట్టేసిండు. అవ్వా, నువ్వెందుకు నవ్వుతున్నవ్?”

“నాయనమ్మ… నిలవడి… బతుకమ్మలు…”

“అవ్వా, నవ్వకు. నా పరేషాన్ల నేనున్న.”

“ఆగుతలేదు బిడ్డా. అరె, చూడు, పోగు తెగింది. అంతా నీ సారు పుణ్యమే. ఇంతకు ఆయన ఆ ఆసామి మనుమడా? గా మగ్గాలు పెట్టిచ్చినాయన మనుమడా?”

“ఏమొ. తాతగారి ఇల్లు అంటరు. మధ్యల చేతులు మారితే నాలుగేండ్ల కింద వెనుకకు కొన్నరట.”

“అయితె అయి ఉండొచ్చు. ఆసామికి ఎందరు మనుమలో, నేనేమన్న లెక్కవెట్టిన్నా?”

“అవ్వా, ఒక మాట అడిగితె కోపానికి రావు గద? నువ్వప్పుడు చిన్నపిల్లవు. కిటికీ పొట్టిగ ఉన్నట్టు నీకు అనిపించిందేమొ.”

“చిన్నపిల్లకు కిటికీ ఎత్తుగ అనిపిస్తది గని పొట్టిగ అనిపిస్తదా? గింత చదువు చదివినవ్!”

“అవును. అది కూడ కరెక్టే.”

“ఇటు రా. గీ తెగిన పోగు ఏడుందో చూపియ్యి.”

“ఏది? నాకు కనవడ్తలేదు.”

“ఆడ పీట మీద కూసుంటె ఏం కనవడుతది? నేను లేస్త. నువ్వు గుంటల దిగు.”

“నేనా?”

“నువ్వే. చీరైతె పరేషాన్ గని, జీన్సు పాంటుకేమైతది? కాళ్లు లోపట పెట్టు. ఆఁ, గట్ల. ఇప్పుడు కిటికీ మూస్త. కరెంటు బుగ్గ ఏసిన. దేవులాడు.”

“అన్ని తెల్లగనే ఉన్నయి అవ్వా.”

“రెండో బుగ్గ గూడ ఏసిన. దేవులాడు.”

“ఇంక కండ్లు గుంజుతున్నయి తప్ప ఏం లేదు. బట్ట మొత్తం అద్దం లెక్క మెరుస్తాంది.”

“ఇగ రెండు బుగ్గలు బంద్. కదలకు. కిటికీ తెరుస్తాన.”

“ఓ!”

“ఏందో?”

“అవ్వా, ఒక్కొక్క పోగుకు నీడ ఉంది! వెలుగు పక్క నుంచి వచ్చి పోగుల కింద నుంచి పోతాంది. ఇగో… ఇగో, ఇక్కడ తెగింది! దొరికింది!”

“దొరికిందా? ఇప్పుడు చెప్పు, నేసేటోళ్లకు కిటికీ ఏడ పెట్టాలె?”

“పోగుల ఎత్తులనే పెట్టాలె. కూసున్న మనిషి ఒడి కాడికి వెలుగు రావాలె. పై నుంచి వస్తే పనికిరాదు… అవ్వా!”

“మళ్ల ఏంది?”

“నీ ఇంటి కిటికీ కూడ జానెడెత్తునే ఉంది!”

“గంటన్నర నుంచి దాని పక్కకే కూసున్నవ్ గద బిడ్డా. ఇప్పుడా చూసుడు?”

“నవ్వు, నవ్వు. నేను చదివిన చదువుకు నవ్వాల్సిందే. అవ్వా, బంగ్ల గోడల నడుమెత్తున పొడుగు చెక్కలు ఉన్నయి. సిమెంటు గీకితే కనవడ్డయి. ఎవలో తర్వాత రిపేరు చేసిన్రని రాసి పక్కకు పెట్టిన.”

“అవి కిటికీ నెత్తి మీది చెక్కలు గావచ్చు.”

“అవే! నేను మొత్తం మనిషెత్తుల దేవులాడిన. సార్ పెద్ద కిటికీలు అన్నరని మీదనే గీకుకుంట పోయిన. వాటి కింద చూడనేలేదు. చెక్కలు ఏడు.”

“గుంటలు గూడ ఏడే. నాది కొసకు, ఏడోది.”

“ఆగు, ఆగు. ఫోటోలు! ఫోటోలల్ల కిటికీలు లేక కాదు. మీ మేనత్తలు, మేనమామలు నిలవడ్డరు గద, వాళ్ల కాళ్ల వెనుక ఉన్నయి!”

“మా పెద్ద మేనత్త ముందల ఏనుగు నిలవడ్డా కనవడది తియ్యి.”

“లేవు అవ్వా, పోదాం.”

“ఏడికి?”

“బంగ్లకు. ఇంకొక్క సంగతి తేలాలె. ఆ కిటికీలు ఇల్లు కట్టినప్పటివా, లేకుంటే మగ్గాలు వచ్చినంక గోడ తవ్వి పెట్టినయా? తర్వాత పెట్టినవైతే సార్ చెప్పిందే నిజం కావచ్చు.”

“పొయ్యి మీద పప్పుంది.”

“పప్పు దించు.”

“మా ముసలాయన నూలు తెస్తానికి పోయిండు. వస్తె తాళం చూసి పరేషాన్ అయితడు.”

“తాళం చెవి పక్కింట్ల ఇద్దాం.”

“సరే పా. ఎట్లనో నీ సారును చూడాల్నని నాకూ ఉంది.”

మధ్యాహ్నం. బంగ్లాలో వీధి వైపున్న ఉత్తరపు గది, గోదాము సామానంతా ఖాళీ చేసి ఉంది. టైల్సు వేసేవాళ్లు కుంగిన బండలు లేపి, వాటి కింద బయటపడ్డ గుంటలో నిండిన ఊక, మట్టి ముందు రోజే తోడిపోశారు. మహిత సుత్తీ ఉలీ పట్టుకుని గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. సరోజన గుమ్మం నుంచి వేళ్ల మీద లెక్కపెడుతూ వస్తోంది.

“ఒకటి, రెండు, మూడు… గిది నాలుగో గుంట బిడ్డా.”

“టైల్సు వాళ్లు దీన్ని వడ్ల పాతర అనుకున్నరు.”

“పాతరకు కాళ్లు పెట్టుకునే గద్దె ఎందుకుంటది? గాడ చూడు, అరిగి నున్నగైంది.”

“అవ్వా, జర దూరం జరుగు. ఇటుక వస్తాంది. ఉత్త మట్టితోటే పేర్చిన్రు. ఒకటి వచ్చింది… రెండు…”

“నువ్వు గూడ మేక లెక్కనే తయారైనవ్. మొఖమంత సున్నం.”

“రానియ్యి. చూడవ్వా! వెలుగొచ్చింది!”

“వస్తది మరి. ఉత్తరం దిక్కు గద. ఎండ రాదు, వెలుగొక్కటే వస్తది. ఎండ పడితె కండ్లు చీకట్లు గొడ్తయి.”

“కింద జానెడు. మీద నడుము కాడికి. నువ్వు చెప్పినట్టే.”

“నేను అబద్ధమాడ్తనా? మేక మీద ఒట్టు.”

“ఉండు, గుంటల దిగుత. గుంట గోడకు రాళ్లు ఎట్ల పేర్చిన్రో చూడాలె. అవ్వా, నా ఫోను తీసి లైటు పట్టు.”

“ఇటా?”

“ఇంక కిందికి. ఆఁ… అవ్వా, ఈ పెద్ద రాయి చూడు. కనవడుతాందా?”

“రాయి కనవడుతాంది. రాయిల ఏముంది?”

“ఒక్కటే రాయి. సగం గుంటల ఉంది. ఇంకో సగం ఎక్కడుంది?”

“గోడ కిందికి పోయింది.”

“పోయింది గద! మీద గోడ నిలవడ్డంక గంత పెద్ద రాయిని దాని కిందికి ఎవలన్న తోస్తరా?”

“తోస్తె గోడ మీద పడ్తది.”

“అంటే ముందు గుంట కట్టిన్రు. గుంట మీదికెళ్లి గోడ లేపిన్రు. ఈ ఇల్లు గడి కాదవ్వా. మగ్గాల కోసమే కట్టిన్రు, పునాది నుంచి! ఈ కిటికీలు మొదటి రోజు నుంచి ఉన్నయి.”

“మా నాయిన గూడ గదే అంటుండె. ఆసామి ముందుగాల గుంటలు తవ్విచ్చి, గుంటలల్ల మనుషులను కూసోవెట్టి, వాళ్ల ఒడిల వెలుగు ఏడికెళ్లి పడుతదో చూసి అప్పుడు గోడ పెట్టిచ్చిండని. ఉత్త ముచ్చట అనుకున్న.”

“ముచ్చట కాదు. నిజం.”

“మరి మొఖం గట్ల పెట్టినవేంది? దొరికింది గద.”

“దొరికింది. ఊచలు, రెక్కలు ఎట్లుండెనో దొరకలేదు గని, అసలుది దొరికింది. ఇప్పుడు సార్‌కు చెప్పాలె గద.”

“చెప్పు.”

“నేను సొంతంగ చేస్తున్న మొదటి పని ఇది. గడి కాదు అంటే రేపటి నుంచి రావద్దంటరు.”

“చెప్పకపోతె?”

“రేపు పొద్దున గోడ కొడ్తరు. మనిషెత్తు కిటికీ పెట్టాలంటే ఈ చెక్కలు కోయాలె. వందేండ్ల నుంచి ఉన్నయి అవి. పొద్దటి చాయ చల్లారకముందే పోతయి.”

“మరి?”

“చెప్త. భయమైతాంది గని చెప్త.”

“భయమైతె నా పక్కకు నిలవడు. నేను పొట్టిదాన్నే గని నా నోరు మనిషెత్తు.”

నాలుగు గంటలకు బయట కారు ఆగింది. హన్మకొండలో ఇళ్లు కట్టి అమ్మే రాజేశ్వర్ రావు, డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, తెల్లటి ప్యాంటూ మెరిసే బూట్లతో గదిలోకి వచ్చి గుంట అంచున ఆగాడు.

“దీన్ని పూడ్చేయమని నిన్ననే చెప్పాను కదా.”

“నిన్ననా సార్? గుంట బయటపడ్డ సంగతి మీకు తెలుసా?”

“టైల్సువాళ్లు ఫోన్ చేశారు. వడ్ల పాతర అన్నారు. పాతర అయితే పూడ్చేయండి అన్నాను. డ్రాయింగు ఏది?”

“తెచ్చిన సార్. సంతకం పెట్టలేదు.”

“పెన్ను లేదా? ఇదిగో.”

“పెన్నుంది సార్. మీరు చెప్పిన కిటికీలు ఈ ఇంట్ల లేవు. ఎన్నడూ లేవు.”

“ఎవరన్నారు?”

“ఆ రాయి సార్. అదే రాయి గుంటల ఉంది, గోడ కిందా ఉంది. ముందు గుంటలు కట్టి తర్వాత గోడ లేపిన్రు. ఇది మగ్గాల ఇల్లు సార్. ఇగో, ఈ కిటికీ ఇటుకలు తీసినం. నేల నుంచి జానెడెత్తుల…”

“ఒక రాయిని చూసి మా నాయనమ్మ అబద్ధమాడింది అంటున్నావా?”

“మీ నాయనమ్మ నిలవడి చూసిందన్నరు గద దొరా. గోడల నుంచి చూసిందా?”

“ఈమె ఎవరు?”

“పొద్దున ఫోన్ల తిడితిరి గద, గామెనే నేను.”

“నేనేం తిట్టలేదు.”

“మగ్గపోళ్లకేం తెలుస్తదన్నరు.”

“అన్నాను… అనకుండా ఉండాల్సింది.”

“ఫికర్ జెయ్యకున్రి. నేనూ మీ మాటకు మస్తు నవ్విన.”

“మహితా, ఇటు చూడు. నేను హోటల్ కడుతున్నాను. వచ్చినవాళ్లు నేల మీద చతికిలబడి కిటికీలోంచి చూస్తారా? జనం నవ్వరా? దొర ఇల్లు అంటే నిలబడి చూసేటట్టు ఉండాలి. తల ఎత్తి చూసేటట్టు ఉండాలి. ఇంత ఇంట్లో, ఒక్కసారైనా మనిషి లేచి నిలబడి బయటకు చూడొద్దా? ఎప్పుడూ వంగి, వంగి…”

“సార్, ఎందుకు గంత కోపం?”

“కోపం కాదు.”

“మీరు పెద్ద కిటికీలు పెట్టుకోవచ్చు సార్. మీ ఇల్లు. ‘కొత్తగ పెట్టినం’ అని రాస్తే ఇప్పుడే సంతకం పెడత. ‘పాతవి ఇట్లనే ఉండె’ అని మాత్రం రాయ.”

“అట్లా రాస్తే సర్టిఫికెట్టు రాదు.”

“రాదు సార్.”

“రాసేవాళ్లను నేను వేరే తెచ్చుకోగలను. ఆలోచించుకున్నావా?”

“ఆలోచించుకున్న సార్. పొద్దటి నుంచి అదే ఆలోచన.”

“సారూ, నేనొక్కమాట చెప్పాల్నా? గోడ రేపు గద కొట్టేది. ఇయ్యాల పొద్దు వాలకముందే ఒక్కపారి గా గుంటల కూసోని చూడున్రి. తర్వాత మీ ఇష్టం.”

“నేనా? వద్దమ్మా. మోకాళ్ల నొప్పులు.”

“నాకూ ఉన్నయి. అయినా రోజు దిగుతాన.”

“ప్యాంటు తెల్లది.”

“నా కొంగుతోని దులుపుత. ఇగో, దులిపిన.”

“ఫోన్ రావాల్సి ఉంది నాకు…”

“ఫోను గుంటల గూడ మోగుతది సారూ.”

“సరే. జరగండి.”

“సార్, నా చెయ్యి పట్టుకోండి. జాగ్రత్త, లోపల గద్దె ఎక్కడుందో చూసి…”

“ఎడమ దిక్కు.”

“అవును సార్, ఎడమ దిక్కే.”

“మంచిగ కూసున్నరా? ఇప్పుడు తల గిట్ల తిప్పి ఒడి దిక్కు చూడున్రి. వెలుగెట్లుంది?”

“సార్?”

“సారూ, కండ్లల్ల దుమ్ము పడ్డదా? మహితా, జర నీళ్లుంటె తే.”

“నీళ్లు వద్దు. గుంట గింత చిన్నగుండెనా అని చూస్తాన.”

“చిన్నదేం గాదు సారూ. అన్ని గుంటలు గింతనే.”

“మహితా, నోటుబుక్కు ఉన్నదా?”

“ఉంది సార్.”

“రాసుకో. రెక్కలు రెండు. బయటికి తెరుచుకుంటయి. ఆకుపచ్చ రంగు. వాన తాకి కింద జానెడు రంగు ఊడిపోయి ఉంటది.”

“రాస్తున్న సార్… గని ఇవి ఎక్కడివి?”

“రాయి ముందుగాల. ఊచలు ఐదు. ఇనుపవి గాదు, కట్టెవి. నా బొటనవేలంత లావు, గుండ్రంగ ఉంటయి.”

“కట్టెవి… ఐదు… సార్, రేపు గోడ కొట్టేటోళ్లు…”

“రావద్దని చెప్త. రాస్తానవా లేదా? ఆ ఐదింట్ల నడిమిది తిరుగుతది.”

“తిరుగుతదా?”

“అది నిలిచే బొక్క అరిగి పెద్దగైంది. చెయ్యి పెట్టి తిప్పితె గిరగిర తిరుగుతది. కిర్రుమంటది. కట్టెపని చేసే వడ్లాయన కొత్తది చేసేటప్పుడు దాన్ని గట్టిగ బిగియ్యొద్దను. అది తిరగాలె.”

“అవ్వా, నడిమి ఊచ తిరుగుతుండెనా?”

“నాకేమెర్క బిడ్డా? నేను కొసకు కూసుంటుంటి. గింత సంగతి నాకే తెల్వదు… సారూ, గిది మీకెవలు చెప్పిన్రు?”

“చెప్పుడేంది అక్కా? మా అమ్మ గీ గుంటల కూసోని కూలికి నేస్తాంటె, పక్కకు కూసోని ఆ ఊచ తిప్పుకుంట పెరిగినోన్ని నేను.”